స్క్రబ్బర్ ఉంది సరే, గాలిని కడుగుతోందా?

మందులు, రసాయనాలు, రంగులు, ఎరువులు తయారుచేసే కర్మాగారాల్లో ప్రధాన భవనం పక్కన పొడవాటి ప్లాస్టిక్ లేదా ఫైబర్ స్తంభం ఒకటి కనిపిస్తుంది. దాని అడుగున ఒక తొట్టి, పక్కన పంపు, పెద్ద ఫ్యాన్, పైన పొగగొట్టం ఉంటాయి. రియాక్టర్ల నుంచి, ట్యాంకుల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు, ఘాటైన వాయువులు ఆ స్తంభంలోకి వెళ్తాయి. లోపల జల్లులా కురిసే ద్రవం వాటిని కడిగేస్తుంది. మిగిలిన గాలి పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఈ యంత్రం పేరే స్క్రబ్బర్.

స్క్రబ్బర్ అమ్మడానికి వీలైన సరుకు దేన్నీ తయారుచేయదు. అది సరిగా పనిచేయకపోయినా ఆ రోజు ఉత్పత్తి ఆగదు. అందుకే చాలాచోట్ల మరమ్మతుల జాబితాలో దాని వంతు చివర వస్తుంది. కానీ చుట్టుపక్కల ఊళ్లు పీల్చే గాలి, లోపల పనిచేసే కార్మికుల ఊపిరితిత్తులు, ఫ్యాక్టరీ కరెంటు బిల్లు, ప్రభుత్వం ఇచ్చిన అనుమతి, ఈ నాలుగూ దాని నిర్వహణ మీదే ఆధారపడి ఉంటాయి. ఈ నాలుగింటినీ కాపాడే పని చాలావరకు ఒక్కటే. అది రోజూ నాలుగు అంకెలు చూడటం, అవి మారినప్పుడు కారణం వెతకటం.

పాత గాలిమరలో చెట్ల కొమ్మలు

స్క్రబ్బర్ కొత్త యంత్రమేమీ కాదు. 19వ శతాబ్దం మొదటి భాగంలో ఇంగ్లండులో సబ్బు, గాజు పరిశ్రమల కోసం ఉప్పు నుంచి సోడా తయారుచేసేవారు. ఆ పద్ధతిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు వాయువు పెద్దఎత్తున వెలువడేది. అది చుట్టుపక్కల పంటలను, చెట్లను మాడ్చేసేది. 1836లో విలియం గాసేజ్ అనే తయారీదారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. వాడకంలో లేని ఒక గాలిమర గోపురాన్ని చెట్ల కొమ్మలు, పొదలతో నింపి, పై నుంచి నీళ్లు వదిలాడు. ఆమ్ల వాయువును ఆ కొమ్మల మధ్య నుంచి పోనిచ్చాడు. తడిసిన కొమ్మల మీది నీటిపొరలో వాయువు కరిగిపోయింది.

ఈ పద్ధతి అందుబాటులోకి వచ్చినా అందరూ దాన్ని సరిగా వాడలేదు. బ్రిటన్ పార్లమెంటు 1863లో ఆల్కలీ చట్టం తెచ్చింది. గోపురం కట్టుకుంటే చాలని ఆ చట్టం అనలేదు. వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కనీసం 95 శాతాన్ని పట్టుకోవాలని షరతు పెట్టింది. పట్టుకుంటున్నారో లేదో చూడటానికి తనిఖీ అధికారులను నియమించింది. వారిలో మొదటి ప్రధాన అధికారి రాబర్ట్ ఆంగస్ స్మిత్. ఆమ్ల వర్షం అన్న మాటను వాడుకలోకి తెచ్చిన రసాయన శాస్త్రవేత్త ఆయనే. యంత్రం ఉండటం వేరు, ఫలితం ఉండటం వేరు అన్న తేడాను చట్టం అప్పుడే గుర్తించింది.

భారతదేశంలో 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. పరిశ్రమ నడపడానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలని ఆ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. కాలుష్య నియంత్రణ పరికరాలను అన్ని వేళలా మంచి పనిచేసే స్థితిలో ఉంచాలని కూడా అందులోనే ఉంది. అంటే నిర్వహణ ఫ్యాక్టరీ ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. అది అనుమతిలో భాగం.

కడగడం ఎలా జరుగుతుంది?

గాసేజ్ వాడిన కొమ్మల స్థానంలో ఇప్పుడు ప్లాస్టిక్ రింగులు వచ్చాయి. అర అంగుళం నుంచి మూడు నాలుగు అంగుళాల సైజులో, లోపల రెక్కలతో ఉండే ఈ రింగులను స్తంభంలో గుట్టగా పోస్తారు. దీన్ని ప్యాకింగ్ అంటారు. ఒక ఘనపు మీటరు ప్యాకింగ్‌లో, రింగుల సైజును బట్టి, సుమారు 100 నుంచి 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. పై నుంచి నాజిళ్లు ద్రవాన్ని చల్లుతాయి. అది రింగుల మీద పలుచని పొరగా జారుతుంది. కింది నుంచి వాయువు పైకి వస్తుంది. వాయువుకూ ద్రవానికీ ఎంత ఎక్కువ ఉపరితలం మీద స్పర్శ దొరికితే అంత ఎక్కువ వాయువు ద్రవంలోకి చేరుతుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం లాంటి వాయువులకు కాస్టిక్ సోడా ద్రావణం వాడతారు. ఆమ్లం, క్షారం కలిసి ఉప్పు, నీరు అవుతాయి. అమ్మోనియాను పట్టడానికి పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. టోలుయిన్ లాంటి ద్రావకాల ఆవిరి నీటిలో పెద్దగా కరగదు. దాన్ని కండెన్సర్‌తోనో, ఉత్తేజిత కార్బన్‌తోనో పట్టుకోవాలి. కాబట్టి ఏ వాయువు వస్తోందో తెలియకుండా ఏ ద్రవం చల్లినా ప్రయోజనం లేదు. ఒకే రియాక్టర్‌లో ఈ నెల ఒక మందు, వచ్చే నెల మరొక మందు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో ఈ ప్రశ్న ఉత్పత్తి మారిన ప్రతిసారీ వేసుకోవలసిందే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు మీటర్ల ఎత్తు ప్యాకింగ్ ఉన్న స్క్రబ్బర్ ఒకటి ఉందనుకుందాం. ఒక్కో మీటరు తనలోకి వచ్చిన వాయువులో 90 శాతాన్ని పట్టుకుంటుందనుకుందాం. ఘనపు మీటరు గాలికి 1000 మిల్లీగ్రాముల ఆమ్లం లోపలికి వస్తే, మొదటి మీటరు దాటాక 100 మిల్లీగ్రాములు మిగులుతాయి. రెండో మీటరు దాటాక 10 మిగులుతాయి. అంటే 99 శాతం పట్టుకున్నట్టు.

ఇప్పుడు కొన్ని నాజిళ్లు మూసుకుపోయి, ప్యాకింగ్‌లో మూడో వంతు తడవడం మానేసిందనుకుందాం. పనిచేసే ఎత్తు రెండు మీటర్ల నుంచి సుమారు 1.33 మీటర్లకు తగ్గినట్టే. లెక్క కడితే బయటికి పోయేది 10 నుంచి దాదాపు 46 మిల్లీగ్రాములకు పెరుగుతుంది. పట్టుకునే సామర్థ్యం 99 నుంచి 95 శాతానికి తగ్గిందంటే పెద్ద తేడాలా వినిపించదు. కానీ బయటి గాలిలో కలిసే ఆమ్లం నాలుగున్నర రెట్లు దాటింది. పురుగుమందుల తయారీ పరిశ్రమలకు భారత్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పరిమితి ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు. పరిమితిలో సగం దగ్గర ఉన్న ఫ్యాక్టరీ, ఎవరూ ఏ స్విచ్చీ నొక్కకుండానే, పరిమితికి రెట్టింపు దాటేస్తుంది.

లోపల ఏం పాడవుతుంది?

స్క్రబ్బర్ ఒక్క రోజులో పాడవదు. మెల్లగా మూసుకుపోతుంది. దానికి మొదటి కారణం నీటిలోని గట్టిదనం. దక్కన్ ప్రాంతంలో బోరు నీళ్లు కాచిన పాత్రకు తెల్లటి పొర పట్టడం అందరూ చూసేదే. కాల్షియం ఎక్కువగా ఉన్న నీళ్లను స్క్రబ్బర్‌లో తిప్పినా అదే జరుగుతుంది. పైగా ఇక్కడ కాస్టిక్ సోడా కూడా ఉంది. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 420 భాగాలకు పైగా ఉంటుంది. గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలిని లాగే స్క్రబ్బర్‌లోకి, ఈ లెక్కన, గంటకు 7 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ద్రావణంలో క్షారం మరీ ఎక్కువగా ఉంటే అందులో కొంత భాగం కాస్టిక్‌తో కలిసి కార్బొనేట్‌గా మారుతుంది. అది నీటిలోని కాల్షియంతో చేరి రింగుల మీద సున్నపు పొర కడుతుంది.

ఎక్కువ కాస్టిక్ పోస్తే ఎక్కువ భద్రత అన్న నమ్మకం ఇందుకే సరికాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం లాంటి బలమైన ఆమ్లాన్ని పట్టడానికి పీహెచ్ 8, 9 మధ్య ఉంటే సాధారణంగా సరిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరిన్ లాంటి వాటికి ఇంకా ఎక్కువ కావాలి. అవసరానికి మించి పోసిన కాస్టిక్ ఆమ్లం కోసం కాక, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కోసం ఖర్చవుతుంది. దానికి తోడు ప్యాకింగ్‌నూ పాడుచేస్తుంది.

రెండోది ఉప్పు. 36.5 కిలోల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పట్టడానికి 40 కిలోల కాస్టిక్ సోడా కావాలి. ఆ చర్యలో 58.5 కిలోల ఉప్పు తయారవుతుంది. తొట్టిలోని ద్రవాన్ని అప్పుడప్పుడు కొంత తీసేసి కొత్త నీరు పోయకపోతే ఉప్పు పేరుకుని గడ్డకడుతుంది. మరీ తరచుగా తీసేస్తే నీరు, కాస్టిక్ వృథా అవుతాయి. పీహెచ్‌తో పాటు ద్రవం సాంద్రతను కొలిస్తే ఎప్పుడు తీయాలో తెలుస్తుంది.

మూడోది పీహెచ్ మీటరు. మీటరు ప్రోబ్ మీద పొర పేరుకుంటే అది నిజం చెప్పడం మానేస్తుంది. ఆమ్లం పెరుగుతున్నా పాత అంకెనే చూపిస్తుంది. కాస్టిక్ పంపు ఆ అంకెను నమ్మి ఆగిపోతుంది. తెలిసిన పీహెచ్ ఉన్న ద్రావణాల్లో ప్రోబ్‌ను క్రమం తప్పకుండా సరిచూడటం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మిగుల్చుకుంటే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

నాలుగోది తుంపర్లను ఆపే జల్లెడ. స్తంభం పైభాగంలో ఉండే ఈ మెష్, గాలితో పాటు కొట్టుకుపోయే నీటి బిందువులను పట్టుకుని కిందికి జారవిడుస్తుంది. ఇది మూసుకుపోతే మిగిలిన ఖాళీల్లో గాలి వేగం పెరుగుతుంది. ఆ వేగానికి బిందువులు బయటికి ఎగిరిపోతాయి. వాటిలో ఉప్పు, కాస్టిక్ ఉంటాయి. పొగగొట్టం కింద నిలిపిన వాహనాల మీద, పైకప్పు రేకుల మీద తెల్లటి చుక్కలు పడుతుంటే ముందుగా ఈ జల్లెడనే చూడాలి.

ఒక గాజు గొట్టం చెప్పే కథ

ఇవన్నీ స్తంభం లోపల జరుగుతాయి. తెరిచి చూడటానికి ఉత్పత్తి ఆపాలి. కానీ బయటి నుంచే లోపలి సంగతి చెప్పే సాధనం ఒకటి ఉంది. ఆంగ్ల అక్షరం యు ఆకారంలో వంచిన గాజు గొట్టంలో రంగు నీళ్లు పోసి, ఒక కొసను ప్యాకింగ్ కిందికి, ఇంకో కొసను ప్యాకింగ్ పైకి కలుపుతారు. ప్యాకింగ్ గుండా రావడానికి గాలి పడే కష్టం ఎంతో, గొట్టంలోని రెండు నీటి మట్టాల మధ్య తేడా అంత ఉంటుంది. దీన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇదే పీడన భేదం. శుభ్రమైన ప్యాకింగ్‌కు ఇది మీటరుకు సుమారు 20 నుంచి 40 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల గొట్టం స్థానంలో డయల్ గేజీలు వచ్చాయి. సూత్రం మాత్రం అదే.

పీడన భేదం పెరుగుతోందంటే ప్యాకింగో, జల్లెడో మూసుకుపోతోందని అర్థం. తగ్గితే బాగుపడిందని అనుకోకూడదు. పై నుంచి పడే ద్రవం తగ్గినా, రింగులు కుంగిపోయి ఒక పక్క ఖాళీ ఏర్పడినా, ఫ్యాన్ బెల్టు జారి గాలి తగ్గినా అంకె తగ్గుతుంది. అందుకే దీన్ని ఒంటరిగా కాకుండా పంపు అంకెలతో కలిపి చదవాలి. పంపు దగ్గర పీడనం పెరిగి, ద్రవ ప్రవాహం తగ్గితే నాజిళ్లు మూసుకుపోయినట్టు. రెండూ తగ్గితే పంపు అరిగినట్టు, లేదా పంపు ముందున్న వడపోత జాలీలో చెత్త చేరినట్టు. పీడనం తగ్గి ప్రవాహం పెరిగితే నాజిళ్లు అరిగిపోయినట్టు, లేదా లోపలి పైపు విరిగినట్టు.

పీడన భేదం, ద్రవ ప్రవాహం, పంపు పీడనం, పీహెచ్. షిఫ్టుకు ఒకసారి రాసుకోవలసిన నాలుగు అంకెలు ఇవే. స్క్రబ్బర్ కొత్తగా ఉన్నప్పుడు, లేదా శుభ్రం చేసిన మర్నాడు, ఈ నాలుగూ ఎంత ఉన్నాయో రాసి పెట్టుకుంటే తర్వాతి ప్రతి అంకెనూ దానితో పోల్చవచ్చు. ఆ మొదటి పేజీ లేకపోతే లాగ్‌బుక్‌లో ఎన్ని అంకెలున్నా అవి ఏం చెబుతున్నాయో తేల్చడం కష్టం.

కరెంటు ఎక్కడ పోతుంది?

ఫ్యాన్ ఖర్చు చేసే శక్తి రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, అది ఎంత గాలిని కదిలిస్తోంది. రెండు, ఎంత పీడన భేదానికి ఎదురుగా కదిలిస్తోంది. ఈ రెండింటినీ గుణించి, ఫ్యాన్ సామర్థ్యంతో భాగిస్తే కావలసిన శక్తి వస్తుంది.

గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి అంటే సెకనుకు 2.78 ఘనపు మీటర్లు. ప్యాకింగ్ మురికిపట్టి పీడన భేదం అదనంగా 100 మిల్లీమీటర్లు పెరిగిందనుకుందాం. అది సుమారు 981 పాస్కల్స్. ఫ్యాన్ సామర్థ్యం 65 శాతం అయితే, అంతే గాలిని నెట్టడానికి అదనంగా దాదాపు 4.2 కిలోవాట్లు కావాలి. ఏడాదికి 330 రోజులు, రోజుకు 24 గంటలు నడిస్తే అది 33,000 యూనిట్లు దాటుతుంది. యూనిట్ ధర 7 రూపాయలనుకున్నా 2 లక్షల 30 వేల రూపాయలు. ఒక మధ్యరకం స్క్రబ్బర్‌లో పేరుకున్న సున్నపు పొర ఖరీదు ఇది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి.

అసలు ప్రమాదం మరో చోట ఉంది. చాలా ఫ్యాన్లు ఒకే వేగంతో తిరుగుతాయి. ఎదురు పీడనం పెరిగితే అవి అంతే గాలిని నెట్టలేవు. గాలి తగ్గిపోతుంది. గాలి తగ్గితే, ఇలాంటి ఫ్యాన్లలో సాధారణంగా కరెంటు వాడకం కూడా తగ్గుతుంది. బిల్లు చూస్తే ఆదా అయినట్టే ఉంటుంది. పొగగొట్టం దగ్గర కొలిచినా తేడా తెలియకపోవచ్చు, ఎందుకంటే తక్కువ గాలి నెమ్మదిగా వెళ్తే ప్యాకింగ్ దాన్ని బాగానే కడుగుతుంది. కానీ రియాక్టర్ మూత దగ్గర ఆవిర్లను లాగే బలం పోయింది. ఆ ఆవిర్లు పొగగొట్టానికి చేరవు. అక్కడ పనిచేసే మనిషి ముక్కుకు చేరతాయి. స్క్రబ్బర్ నిర్వహణను పొగగొట్టం దగ్గరి పరీక్షతోనే తేల్చకూడదని చెప్పేది ఈ సందర్భమే. ఆవిర్లను లాగే హుడ్ దగ్గర గాలి వేగాన్ని కూడా కొలవాలి.

రెండు రకాల ఆదా

స్క్రబ్బర్‌లో కరెంటు ఆదా రెండు రకాలు. మొదటి రకం వృథాను తగ్గించేది. ప్యాకింగ్ కడగడం, జల్లెడ శుభ్రం చేయడం, బెల్టు బిగించడం, గాలి గొట్టాల్లో చిల్లులు మూయడం దీనిలోకి వస్తాయి. చిల్లుల గుండా బయటి గాలి లోపలికి దూరితే ఫ్యాన్ ఆ పనికిరాని గాలిని కూడా మోయాలి. పైగా ఆ గాలి కలిసి కాలుష్యపు గాఢత తక్కువగా కనిపిస్తుంది, మొత్తం పరిమాణం మాత్రం తగ్గదు.

ఫ్యాన్ వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చే డ్రైవ్ కూడా ఇదే కోవలోది. ఫ్యాన్ వాడే శక్తి దాని వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే శక్తి దాదాపు 51 శాతానికి పడిపోతుంది. సగం రియాక్టర్లు ఆగి ఉన్న రాత్రి షిఫ్టులో ఇది మంచి ఆదా, హుడ్‌ల దగ్గర కనీస గాలి వేగం నిలిచినంతవరకు.

రెండో రకం, కడిగే పనినే తగ్గించేది. రాత్రిపూట పంపు ఆపేయడం, ద్రవాన్ని తగ్గించడం, ఫ్యాన్‌ను లెక్క లేకుండా నెమ్మదింపజేయడం ఇందులోవి. ధూళిని పట్టే వెంచురీ స్క్రబ్బర్లలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. వాటిలో వాయువును ఇరుకైన గొంతు గుండా సెకనుకు 60 నుంచి 120 మీటర్ల వేగంతో పంపుతారు. ఆ వేగానికి నీరు సన్నని బిందువులుగా చెదిరి, ధూళి కణాలు వాటిని ఢీకొని అంటుకుంటాయి. ఒక మైక్రాన్, అంతకన్నా చిన్న కణాలు గాలితో పాటు బిందువును తప్పించుకుని పక్కకు జారిపోతాయి. వాటిని పట్టాలంటే వేగం పెంచాలి. అంటే పీడన భేదం పెరగాలి, కరెంటు ఎక్కువ కావాలి. ఇక్కడ పీడన భేదం వృథా కాదు, పని చేసినందుకు కట్టే ధర. దాన్ని తగ్గిస్తే ముందుగా తప్పించుకునేవి ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నని కణాలే.

కరెంటు లెక్కకు చట్టంతో ఇంకో సంబంధం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండళ్లు పరిశ్రమలకు ఇచ్చే అనుమతి పత్రాల్లో, కాలుష్య నియంత్రణ పరికరాలకు ప్రత్యేక విద్యుత్ మీటరు పెట్టాలన్న షరతు తరచుగా కనిపిస్తుంది. ఉత్పత్తి జరిగిన రోజున ఆ మీటరు తిరగకపోతే స్క్రబ్బర్ నడవనట్టే. మెరుగైన నిర్వహణ వల్ల యూనిట్లు తగ్గాయా, పంపు ఆపడం వల్ల తగ్గాయా అన్నది లాగ్‌బుక్‌లోని నాలుగు అంకెలతో పోల్చి చూస్తే తేలిపోతుంది.

భోపాల్ రాత్రి

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో మిథైల్ ఐసోసయనేట్ నిల్వ ఉన్న ట్యాంకులోకి నీరు చేరింది. లోపల చర్య అదుపు తప్పి దాదాపు 40 టన్నుల విషవాయువు నగరం మీదికి వెలువడింది. వేలాది మంది చనిపోయారు. లక్షలాది మంది దాని ప్రభావానికి గురయ్యారు.

ఆ ట్యాంకు నుంచి వచ్చే వాయువు బయటికి పోకుండా అడ్డుకోవడానికి అక్కడ కాస్టిక్ సోడాతో పనిచేసే స్క్రబ్బర్ ఉంది. ఆ రోజు అది ఆపి ఉంచిన స్థితిలో ఉంది. మిగిలిన వాయువును కాల్చేయవలసిన మంట గొట్టానికి వెళ్లే పైపు మరమ్మతు కోసం విప్పి ఉంది. ట్యాంకును చల్లగా ఉంచే శీతలీకరణ యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. ఆ స్క్రబ్బర్ పూర్తి సామర్థ్యంతో నడిచినా అంత వాయువును పట్టగలిగేది కాదు, దాన్ని అంత ప్రవాహం కోసం రూపొందించలేదు. కాబట్టి దుర్ఘటనకు స్క్రబ్బర్ ఒక్కటే కారణం అనడం సరికాదు. కానీ కాగితం మీద మూడు రక్షణలు ఉన్న కర్మాగారంలో, అవసరమైన గంటకు ఒక్కటీ సిద్ధంగా లేదు.

ప్రమాద సమయంలో వాడే స్క్రబ్బర్ల నిర్వహణకు భోపాల్ చెప్పే పాఠం సూటిగా ఉంది. రోజూ నడిచే స్క్రబ్బర్ తన లోపాన్ని అంకెల్లో బయటపెడుతుంది. ఆగి ఉన్న స్క్రబ్బర్ ఏమీ చెప్పదు. దాని పంపును క్రమం తప్పకుండా నడిపి చూడాలి. తొట్టిలోని కాస్టిక్ గాఢతను కొలవాలి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద పంపు నడుస్తుందో లేదో పరీక్షించాలి. అది సిద్ధంగా లేని రోజున దానికి అనుబంధమైన ప్రమాదకర పనిని వాయిదా వేయాలి.

నిత్యం చూసే కన్ను

ఏడాదికి కొన్నిసార్లు పొగగొట్టం నుంచి నమూనా తీసి పరీక్షించే పద్ధతికి ఒక పరిమితి ఉంది. పరీక్ష రోజున స్క్రబ్బర్‌ను శుభ్రంగా ఉంచడం కష్టమేమీ కాదు. ఈ లోటును పూడ్చడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో అత్యంత కాలుష్యకారకమైన 17 రకాల పరిశ్రమలను నిరంతరం కొలిచే పరికరాలు అమర్చుకోవాలని ఆదేశించింది. ఔషధాలు, పురుగుమందులు, సిమెంటు, థర్మల్ విద్యుత్ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. ఆ పరికరాల అంకెలు ఆన్‌లైన్‌లో మండళ్లకు చేరతాయి.

అయితే ఈ పరికరాలకూ నిర్వహణ కావాలి. తడి గాలిలో నమూనా గొట్టంలో నీరు చేరితే, ఆమ్లం ఆ నీటిలోనే కరిగిపోయి యంత్రానికి తక్కువ అంకె చేరుతుంది. ఎప్పుడూ కదలని గీతలా వచ్చే రీడింగు మంచి స్క్రబ్బర్‌కు గుర్తు కావచ్చు, పాడైన పరికరానికి గుర్తూ కావచ్చు. ఉత్పత్తి, పీహెచ్, పీడన భేదం మారుతున్నా పొగగొట్టం అంకె మాత్రం కదలకపోతే ముందుగా అనుమానించవలసింది పరికరాన్నే.

బయటి నుంచి చూసేవారికీ ఒక మాట. తడి స్క్రబ్బర్ పొగగొట్టం నుంచి చలికాలం ఉదయం తెల్లటి మేఘం వచ్చి కొద్ది దూరంలో మాయమైతే అది చాలావరకు నీటి ఆవిరే. అది మాయం కాకుండా పలుచని పొగలా సాగిపోతే అందులో సన్నని కణాలో, ఆమ్లపు తుంపరో ఉండవచ్చు. ఏమీ కనిపించకపోవడం మాత్రం భద్రతకు రుజువు కాదు. చాలా విషవాయువులకు రంగు ఉండదు.

కడిగే చేతుల భద్రత

స్క్రబ్బర్‌ను శుభ్రం చేయడం కూడా ప్రమాదకరమైన పనే. సున్నపు పొరను కరిగించడానికి పలుచని ఆమ్లం వాడతారు. అంతకుముందు ఆ స్తంభం హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టి ఉంటే తొట్టిలో సల్ఫైడ్ మిగిలి ఉంటుంది. దాని మీద ఆమ్లం పడితే పట్టిన విషవాయువు మళ్లీ విడుదలవుతుంది. తొట్టిలో హైపోక్లోరైట్ ఉంటే క్లోరిన్ వస్తుంది. కాబట్టి ముందు ద్రవాన్ని పూర్తిగా తీసేసి, నీటితో కడిగి, ఆ తర్వాతే ఆమ్లం పోయాలి.

స్తంభంలోకి, తొట్టిలోకి మనిషి దిగవలసి వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. విషవాయువులు ఉండగల గదులు, ట్యాంకుల్లోకి దిగే ముందు అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేకుంటే శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టుతోనే దిగాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే చెప్పారు. లోపల పడిపోయిన తోటివాణ్ని కాపాడబోయి వెంటనే దిగినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకోవడం ఇలాంటి ప్రమాదాల్లో పదేపదే జరిగేదే. ఈ పనిని తరచుగా కాంట్రాక్టు కార్మికులు చేస్తారు. స్తంభం అంతకుముందు ఏ వాయువును పట్టిందో వారికి ముందుగా చెప్పవలసింది యాజమాన్యమే.

తీసేసిన ద్రవం ఎక్కడికి పోతుందన్నదీ ముఖ్యమే. 1930లలో లండన్‌లోని బాటర్సీ విద్యుత్ కేంద్రం తన పొగను థేమ్స్ నది నీటితో కడిగేది. కడిగిన నీటిని మళ్లీ నదిలోకే వదిలేది. గాలిలోని గంధకం నదిలోకి చేరింది. స్క్రబ్బర్ కాలుష్యాన్ని మాయం చేయదు, గాలి నుంచి నీటిలోకి మారుస్తుంది. ఆ ఉప్పునీటిని శుద్ధి కేంద్రానికి పంపితేనే పని పూర్తయినట్టు.

స్క్రబ్బర్ పరిస్థితి తెలుసుకోవడానికి మొదట ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తనిఖీ అధికారి అయినా, ఫ్యాక్టరీ భద్రతా కమిటీలోని కార్మికుడైనా, ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన గ్రామస్తుడైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. శుభ్రంగా ఉన్నప్పుడు పీడన భేదం ఎంత? ఈ రోజు ఎంత? తేడా వచ్చినప్పుడు ఎవరు, ఏం చేశారు? మొదటి రెండింటికి గేజి దగ్గరే జవాబు దొరుకుతుంది. మూడోదానికి జవాబు లాగ్‌బుక్‌లో ఉండాలి.